లేని సంఖ్య పట్టిచ్చిన జవాబు: ఇంజనీరు బొంబెల్లి కథ

ఇంటర్ సెకండ్ ఇయర్ లెక్కల్లో సంకీర్ణ సంఖ్యల పాఠం ఒకటుంది. ఏ సంఖ్యను దానితోనే గుణించినా రుణ సంఖ్య రాదు, కాబట్టి −1కి వర్గమూలం లేదు, అయినా ఉందనుకుందాం అంటూ ఆ పాఠం మొదలుపెడతాం. నేను ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "లేదని మీరే అన్నారు కదా సార్, మళ్లీ ఉందని ఎందుకనుకోవాలి?"

చాలా ఏళ్లు ఈ ప్రశ్నకు "ముందు ముందు పనికొస్తుంది" అని మాత్రమే చెప్పి పాఠంలోకి వెళ్లిపోయేవాణ్ణి. రఫాయెల్ బొంబెల్లి గురించి చదివాకే విషయం అర్థమైంది. పిల్లల ప్రశ్న సరైనదే. మనం పాఠం మొదలుపెట్టే చోటే తప్పు. రుణ సంఖ్యల వర్గమూలాలను గణితంలోకి తెచ్చింది జవాబు లేని లెక్క కాదు, జవాబు ఉన్న లెక్క. ఆ జవాబు 4. అది అందరికీ కనిపిస్తోంది, కానీ సూత్రం దాన్ని చూపించడం లేదు. ఆ చిక్కు విప్పిన మనిషి విశ్వవిద్యాలయంలో చదవలేదు. చిత్తడి నేలల్లో నీళ్లు మళ్లించే పని చేసిన ఇంజనీరు ఆయన.

బొంబెల్లి 1526లో ఇటలీలోని బొలోనియాలో పుట్టాడు. తండ్రి అంతోనియో ఉన్ని వ్యాపారి. ఆ కుటుంబం అసలు ఇంటిపేరు మత్సోలి. బొలోనియాను ఏలిన బెంతివోలియో వంశాన్ని 1506లో పోప్ రెండో జూలియస్ గద్దె దించాడు. మత్సోలీలు ఓడిపోయిన పక్షం వాళ్లు. ఆ దెబ్బల తర్వాతే కుటుంబం పేరు బొంబెల్లిగా మారింది. రఫాయెల్ పియెర్ ఫ్రాంచెస్కో క్లెమెంతి అనే ఇంజనీరు దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత అలెస్సాంద్రో రుఫీని అనే రోమ్ ప్రభువు ఆయనను పనిలో పెట్టుకున్నాడు. జీవితమంతా ఆయనకు అండగా నిలిచింది ఈ రుఫీనియే.

బొంబెల్లి పుట్టిన ఏడాదే బొలోనియాలో ఇంకో గణితవేత్త చనిపోయాడు. ఆయన పేరు షిపియోనె దెల్ ఫెర్రో. ఘన సమీకరణాల్లో, అంటే తెలియని సంఖ్య ఘనం ఉండే లెక్కల్లో, ఒక రకాన్ని సాధించే పద్ధతి ఆయన కనిపెట్టాడు కానీ ప్రచురించలేదు. ఆ రోజుల్లో పండితులు ఒకరికొకరు లెక్కలిచ్చుకుని బహిరంగంగా పోటీ పడేవారు. ఉద్యోగం నిలవాలన్నా, పేరు రావాలన్నా చేతిలో ఒక రహస్యం ఉండాలి. దెల్ ఫెర్రో శిష్యుడు ఫియోర్ ఆ రహస్యాన్ని నమ్ముకుని 1535లో తార్తాలియా అనే గణితవేత్తతో పోటీకి దిగి ఓడిపోయాడు, ఎందుకంటే ఈలోగా తార్తాలియా కూడా సొంతంగా దారి కనుక్కున్నాడు. కార్దానో అనే ఇంకో పండితుడు తార్తాలియాను బతిమాలి సూత్రం తెలుసుకుని, 1545లో ఆర్స్ మాగ్నా అనే తన పుస్తకంలో అచ్చు వేశాడు. తార్తాలియా ఆ కోపాన్ని జీవితాంతం వదల్లేదు. గణిత చరిత్ర గురించి రాసేవాళ్లు ఈ గొడవను ఎంతో ఇష్టంగా చెబుతారు. నాకు మాత్రం అసలు కథ గొడవ సద్దుమణిగాక మొదలవుతుందనిపిస్తుంది.

సూత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. అప్పటి ఇటలీవాళ్లు తెలియని సంఖ్యను "కోసా" అనేవారు, అంటే వస్తువు అని అర్థం. మనం "అది" అందాం. "దాని ఘనం, దానికి 6 రెట్లకు 40 కలిపితే వచ్చే దానితో సమానం" అన్నది లెక్క. సూత్రం ఇలా నడుస్తుంది: 40లో సగం 20, దాని వర్గం 400. 6లో మూడో వంతు 2, దాని ఘనం 8. 400లోంచి 8 తీసేస్తే 392. ఇప్పుడు 20కి √392 కలిపి ఘనమూలం తీయాలి, 20లోంచి √392 తీసేసి మళ్లీ ఘనమూలం తీయాలి. ఆ రెండు ఘనమూలాలను కలిపితే జవాబు.

చూడ్డానికి భయంకరంగా ఉంటుంది కానీ లోపల ఒక అందం ఉంది. 2 + √2ను ఘనం చేసి చూడండి, సరిగ్గా 20 + √392 వస్తుంది. 2 − √2ను ఘనం చేస్తే 20 − √392 వస్తుంది. కాబట్టి ఆ రెండు ఘనమూలాలు 2 + √2, 2 − √2. కలపగానే √2లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, 4 మిగులుతుంది. 4 ఘనం 64, ఆరు నాలుగులు 24, దానికి 40 కలిపితే 64. లెక్క సరిపోయింది.

ఇప్పుడు సంఖ్యలు మార్చుదాం. దాని ఘనం, దానికి 15 రెట్లకు 4 కలిపితే వచ్చే దానితో సమానం. జవాబు చూడగానే చెప్పొచ్చు: నాలుగు పదిహేనులు 60, దానికి 4 కలిపితే 64, అదే 4 ఘనం. మళ్లీ 4నే. మరి సూత్రం ఏమంటుంది? 4లో సగం 2, దాని వర్గం 4. 15లో మూడో వంతు 5, దాని ఘనం 125. 4లోంచి 125 తీసేయాలి, అంటే −121. దాని వర్గమూలం తీయాలి.

సూత్రం ఇక్కడ ఆగిపోతుంది. ఇక్కడి ఇబ్బంది వర్గ సమీకరణంలో వచ్చే ఇబ్బంది లాంటిది కాదని గమనించాలి. రెండు సంఖ్యల మొత్తం 10, లబ్ధం 40 కావాలని ఎవరైనా అడిగితే √−15 వస్తుంది. మొత్తం 10 అయ్యే రెండు సంఖ్యల లబ్ధం 25 దాటదు కాబట్టి అలాంటి సంఖ్యలు లేవని చెప్పి ఊరుకోవచ్చు. రుణ సంఖ్య వర్గమూలం అక్కడ "ఇటు దారి లేదు" అని చెప్పే బోర్డు. కార్దానో ఈ లెక్కను నిజంగానే తీసుకుని, 5 + √−15, 5 − √−15 అని రాసి, గుణిస్తే 40 వస్తుందని చూపించి, ఇది ఎంత సూక్ష్మమో అంత నిరుపయోగమని తేల్చి వదిలేశాడు. ఆయన్ని తప్పు పట్టలేం. మన దగ్గర మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలోనే గణితసార సంగ్రహంలో చెప్పాడు: రుణ సంఖ్య స్వభావం చేతనే వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదు అని. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఈ గ్రంథాన్నే. మహావీరుడి మాట స్పష్టమైన మాట, ఆయనకు తెలిసిన సంఖ్యల మేరకు పూర్తిగా సరైన మాట.

ఘన సమీకరణం దగ్గర ఆ మాటతో సరిపెట్టుకోవడం కుదరదు. జవాబు లేదని చెప్పి తప్పుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే 4 ఎదురుగానే ఉంది. ఇంకా చెప్పాలంటే ఈ లెక్కకు 4తో పాటు −2 + √3, −2 − √3 అనే మరో రెండు జవాబులూ ఉన్నాయి. మూడూ మామూలు సంఖ్యలే. ఘన సమీకరణానికి వేర్వేరు మామూలు జవాబులు మూడు ఉన్నప్పుడల్లా సూత్రం రుణ సంఖ్య వర్గమూలం మీదుగానే వెళ్తుంది. జవాబులు ఎక్కువ ఉన్నచోటే సూత్రం మొండికేస్తుందన్నమాట. ఇది కార్దానోకు తెలుసు. దీని గురించి తార్తాలియాకు ఉత్తరం కూడా రాశాడు. తార్తాలియా సరైన సమాధానం ఇవ్వలేదు.

ఇలాంటి సమయంలో బొంబెల్లి టస్కనీ ప్రాంతంలో బురదలో పని చేస్తున్నాడు. వాల్ ది కియానా అనే లోయ అది. కియానా నది అక్కడ దాదాపు కదలకుండా నిలిచిపోయి, లోయ పొడవునా మడుగులు కట్టి, మలేరియాకు నిలయమైంది. అంతకు ఓ యాభై ఏళ్ల ముందు లియొనార్దో దా విన్చీ ఆ లోయకు పటం గీశాడు. ఆ నేలను ఆరబెట్టి సాగుకు తెచ్చే హక్కు రుఫీనికి దక్కింది, పని బొంబెల్లికి అప్పజెప్పాడు. 1551 నుంచి పని నడిచింది. 1555లో ఆగిపోయి, సుమారు 1560 దాకా మళ్లీ మొదలుకాలేదు. పని ఆగిన ఆ రోజుల్లోనే బొంబెల్లి బీజగణితం మీద ఒక పుస్తకం రాయడానికి కూర్చున్నాడు.

ఆయన ఎందుకు పూనుకున్నాడో ముందుమాటలో చెప్పుకున్నాడు. ఈ శాస్త్రం గురించి రాసినవాళ్లలో లోతుగా వెళ్లింది కార్దానో ఒక్కడే, కానీ ఆయన రాత అర్థం కావడం కష్టం అన్నది బొంబెల్లి అభిప్రాయం. గురువు అవసరం లేకుండా ఎవరైనా చదివి నేర్చుకోగలిగే పుస్తకం కావాలనుకున్నాడు. లాటిన్‌లో కాకుండా ఇటాలియన్‌లో రాశాడు. ఒక ప్రాక్టికల్ మనిషి తనలాంటి వాళ్ల కోసం రాసిన పుస్తకమిది, అందుకే నాకు ఆయన మీద ఇంత అభిమానం.

ఇప్పుడు 2 + √−121 దగ్గరికి వద్దాం. 20 + √392 ఘనమూలం 2 + √2 అయినట్టే, దీని ఘనమూలం కూడా ఒక మామూలు సంఖ్యకు ఒక రుణ సంఖ్య వర్గమూలం కలిపిన రూపంలోనే ఉంటే? రెండో దాని ఘనమూలంలో అదే వర్గమూలం మైనస్‌తో ఉంటే? కలపగానే ఆ విచిత్రమైన భాగాలు కొట్టేసుకుని మామూలు సంఖ్య మిగలాలి. ఇది గొప్ప ఊహ. బొంబెల్లికే మొదట్లో ఇది సత్యం కంటే కుతర్కంలా అనిపించిందట. నిరూపణ దొరికేదాకా వెతికానని ఆయనే రాశాడు.

వెతికిన తీరు ఇది. ఘనమూలంలోని మామూలు భాగాన్ని "మొదటిది" అందాం, వర్గమూలం గుర్తు కింద మైనస్‌తో ఉన్న సంఖ్యను "రెండోది" అందాం. 2 + √−121ని, 2 − √−121ని గుణిస్తే 4కు 121 కలిసి 125 వస్తుంది. దాని ఘనమూలం 5. కాబట్టి మొదటిదాని వర్గం, రెండోది కలిపితే 5 కావాలి. అంటే మొదటిదాని వర్గం 5 కంటే తక్కువ ఉండాలి. ఇంకో వైపు నుంచి చూస్తే మొదటిదాని ఘనం 2 కంటే ఎక్కువ ఉండాలి. పూర్ణ సంఖ్యల్లో ఈ రెండు షరతుల మధ్య ఇమిడేది 2 ఒక్కటే. అప్పుడు రెండోది 1. అంటే ఘనమూలం 2 + √−1.

సరిచూద్దాం. (2 + √−1)ను దానితోనే గుణిస్తే 3 + 4√−1. దాన్ని మరోసారి (2 + √−1)తో గుణిస్తే 6 + 3√−1 + 8√−1 − 4, అంటే 2 + 11√−1. పదకొండు పదకొండ్లు 121, కాబట్టి 11√−1 అంటే √−121. అంతే. రెండో ఘనమూలం 2 − √−1. రెండూ కలిపితే √−1లు కొట్టుకుపోయి 4 వస్తుంది. ఎప్పటి నుంచో కళ్ల ముందున్న 4 చివరికి సూత్రంలోంచే బయటికొచ్చింది.

లెక్కలో మొదట ఉన్నవి మామూలు సంఖ్యలు, చివర వచ్చిందీ మామూలు సంఖ్యే. మధ్యలో మాత్రం ఎవరూ ఒప్పుకోని సంఖ్యల మీద నడవాల్సి వచ్చింది. ఇంజనీర్లు వంతెన కట్టేటప్పుడు కింద కర్రలతో ఆసరా కట్టి, కమాను నిలబడ్డాక తీసేస్తారు. √−1 ఇక్కడ అలాంటి ఆసరా. ఈ పోలిక నాది, బొంబెల్లిది కాదు. కానీ అది ఉందా లేదా అని వాదిస్తూ కూర్చోకుండా, దానితో పని ఎలా చేయాలో ముందు నేర్చుకుందాం అనుకోవడంలో ఆయన వృత్తి ప్రభావం ఉందనే నేను నమ్ముతాను.

పని చేయాలంటే నియమాలు కావాలి. కార్దానో ఆగినచోట బొంబెల్లి ముందుకు వేసిన అడుగు ఇదే. ఈ కొత్తరకం సంఖ్యను ప్లస్ అనలేం, మైనస్ అనలేం అని గుర్తించి దానికి వేరే పేరు పెట్టాడు. √−1ను కలిపితే "పియూ ది మేనో", తీసేస్తే "మేనో ది మేనో". మాటకు మాట చెప్పుకుంటే "మైనస్‌లోని ప్లస్", "మైనస్‌లోని మైనస్". తర్వాత ఎక్కాలు అప్పజెప్పినట్టుగా గుణకారం వరసలు రాశాడు: పియూ ది మేనోను పియూ ది మేనోతో గుణిస్తే మైనస్, పియూ ది మేనోను మేనో ది మేనోతో గుణిస్తే ప్లస్. ఇలా మొత్తం ఎనిమిది. మన పిల్లలు ఈ రోజు సంకీర్ణ సంఖ్యల గుణకారంలో వాడేవి ఇవే నియమాలు, గుర్తులు మాత్రమే మారాయి.

ఇవి ఒప్పుకోని పాఠకుడు ఉంటాడని ఆయనకు తెలుసు. అందుకే ఇలాంటి సమీకరణాలకు జవాబు నిజంగా ఉందని బొమ్మ గీసి కూడా చూపించాడు. మేస్త్రీలు వాడే మూలమట్టం లాంటివి రెండు తీసుకుని, గీతల మీద జరుపుతూ సరైన చోట కుదిరేలా చేసే నిర్మాణం అది. కళ్లతో చూస్తే తప్ప నమ్మనివాళ్ల కోసం అంత శ్రమ తీసుకున్నాడు.

పుస్తకం రాయడం మొదలైన చాలా ఏళ్లకు గానీ అచ్చు కాలేదు. మధ్యలో చాలా జరిగాయి. 1557లో టైబర్ నది వరదల్లో రోమ్‌లోని సాంతా మరియా వంతెన దెబ్బతింది. 1561లో దాన్ని బాగుచేసే పనికి బొంబెల్లి పూనుకున్నాడు కానీ అది విఫలమైంది. ఆ తర్వాత ఇతరులు బాగుచేసినా, 1598 వరదల్లో మళ్లీ కూలింది. ఇప్పుడు నది మధ్యలో ఒక్క కమాను మిగిలి ఉంది. జనం దాన్ని పోంతె రొత్తో అంటారు, అంటే విరిగిన వంతెన.

రోమ్‌లో వంతెన కుదరలేదు కానీ అక్కడే ఆయనకు ఇంకో నిధి దొరికింది. గణితం బోధించే అంతోనియో మరియా పాత్సీ అనే ఆయన వాటికన్ గ్రంథాలయంలో ఉన్న ఒక గ్రీకు రాతప్రతిని బొంబెల్లికి చూపించాడు. అది ప్రాచీన గ్రీకు గణితవేత్త దియొఫాంతుస్ రాసిన అంకగణిత గ్రంథం, యూరప్ దాదాపుగా మరచిపోయింది. ఇద్దరూ కూర్చుని అనువాదం మొదలుపెట్టారు. ఏడు భాగాల్లో ఐదు పూర్తిచేశారు, ఇద్దరికీ వేరే పనుల ఒత్తిడి వల్ల మిగతాది ఆగిపోయింది. ఈ రాతప్రతిలో భారతీయ గ్రంథకర్తల ప్రస్తావన చాలాసార్లు ఉందని, దాన్నిబట్టి ఈ శాస్త్రం అరబ్బుల కంటే ముందే భారతీయుల దగ్గర ఉందని తెలిసిందని బొంబెల్లి ముందుమాటలో రాశాడు. దియొఫాంతుస్ మూలంలో అలాంటి ప్రస్తావనలు లేవు కాబట్టి మనవాళ్లు దీన్ని గొప్పగా చెప్పుకోవడం సరికాదు. అయినా 16వ శతాబ్దపు ఇటాలియన్ ఇంజనీరు ఒకడు బీజగణితం మూలాల కోసం తూర్పు వైపు చూశాడన్న సంగతి నాకు సంతోషాన్నిస్తుంది.

దియొఫాంతుస్ ప్రభావం మాత్రం నిజం, గట్టిది కూడా. బొంబెల్లి తన పుస్తకం మూడో భాగాన్ని తిరగరాశాడు. మొదటి రాతప్రతిలో వ్యాపారుల లెక్కల తరహా సమస్యలుండేవి, వాటిని తీసేశాడు. చివరికి మూడో భాగంలో 272 సమస్యలున్నాయి, వాటిలో 143 దియొఫాంతుస్ నుంచి వచ్చినవే. తెలియని సంఖ్యకు "కోసా" బదులు "తాంతో" అనే మాట వాడాడు, అంటే "అంత". ఘాతాలను రాయడానికి చిన్న గిన్నెలాంటి అర్ధవృత్తం గీసి అందులో 1, 2, 3 అని అంకె వేశాడు. వర్గానికి ఒక పేరు, ఘనానికి ఒక పేరు పెట్టుకునే కాలంలో ఇది పెద్ద సులువు. తర్వాత సైమన్ స్టెవిన్ అనే గణితవేత్త ఈ పద్ధతినే అందిపుచ్చుకున్నాడు.

పుస్తకంలో మరో చోట √13 విలువ కట్టే పద్ధతి ఉంది. 3 వర్గం 9, మిగిలింది 4. ఆ 4ను 3కి రెట్టింపైన 6తో భాగిస్తే మూడింట రెండు, కాబట్టి √13 సుమారుగా 3⅔. ఇప్పుడు 6కు బదులు 6⅔తో భాగిస్తే ఐదింట మూడు, అంటే 3.6. 6కు ఐదింట మూడు చేర్చి మళ్లీ భాగిస్తే 3.606, ఇంకో విడత చేస్తే 3.6055. అసలు విలువ 3.60555. ప్రతి విడతలో వచ్చిన భిన్నాన్ని తిరిగి హారంలోకి పంపడమే కిటుకు. వీటిని మనం ఇప్పుడు అవిరామ భిన్నాలంటాం.

మొదటి మూడు భాగాలూ 1572లో వెలువడ్డాయి. అదే ఏడాది బొంబెల్లి చనిపోయాడు. జ్యామితికి సంబంధించిన నాలుగు, ఐదు భాగాలు అచ్చు కాకుండా మిగిలిపోయాయి. వాటి రాతప్రతిని 1923లో ఎత్తోరె బొర్తొలొత్తి బొలోనియా గ్రంథాలయంలో కనుక్కున్నాడు, 1929లో ముద్రించాడు. అంటే ఆ పుస్తకం పూర్తిగా లోకానికి అందడానికి 350 ఏళ్లకు పైగా పట్టింది.

బొంబెల్లి అన్నీ సాధించేశాడని చెబితే తప్పవుతుంది. పైన చూసిన పద్ధతిలో మొదటి భాగం 2 అని పూర్ణ సంఖ్యల్లో వెతికి పట్టుకున్నాం. ఆ భాగం పూర్ణ సంఖ్యో భిన్నమో కాకపోతే? దాన్ని కనుక్కోవాలంటే మళ్లీ ఒక ఘన సమీకరణం సాధించాలి, అది మనల్ని బయల్దేరిన చోటికే తీసుకొస్తుంది. ఇది ఆయన లోపం కాదు. ఇలాంటి సందర్భాల్లో సంకీర్ణ సంఖ్యలను తప్పించుకుని, మామూలు సంఖ్యల మూలాలతో మాత్రమే జవాబు రాయడం అసాధ్యమని 19వ శతాబ్దంలో నిరూపించారు. ఆయన తొక్కిన దారికి పక్కదారి లేదు.

ఆ తర్వాత కూడా ఈ సంఖ్యలకు గౌరవం వెంటనే దక్కలేదు. 1637లో డెకార్ట్ వీటిని ఊహాత్మకాలు అన్నాడు. మన పాఠాల్లోని కల్పిత సంఖ్య అనే మాట వెనక ఉన్నది అదే భావం. 1670ల్లో లైబ్నిట్జ్ బొంబెల్లి పుస్తకం నుంచే నేర్చుకుని ఆయన్ని ఎంతో మెచ్చుకున్నాడు. తర్వాత వీటిని కాగితం మీద బిందువులుగా చూపించడం వెస్సెల్, ఆర్గాండ్, గౌస్‌లతో కుదిరింది. ఇవాళ ఏసీ కరెంటు లెక్కలు వీటితోనే చేస్తారు, క్వాంటమ్ మెకానిక్స్‌లోని ష్రోడింగర్ సమీకరణంలో √−1 నేరుగా కనిపిస్తుంది.

ఇప్పుడు నేను ఈ పాఠాన్ని −1తో మొదలుపెట్టడం మానేశాను. బోర్డు మీద 15 రెట్లు, 4 ఉన్న ఆ సమీకరణం రాసి జవాబు కనుక్కోమంటాను. ఒకటి, రెండు, మూడు వేసి చూసి, రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు "నాలుగు సార్" అంటారు. అప్పుడు సూత్రం ఇచ్చి, ఆ నాలుగును దీంట్లోంచి తెచ్చి చూపించమంటాను. క్లాసంతా −121 దగ్గర ఆగి తలెత్తి చూస్తుంది. పాఠం అక్కణ్ణుంచి మొదలవుతుంది.